నడికట్టు

నవంబర్ 11, మంగళవారం

ఇది నిరుడు పత్తి విత్తనాల కంపెనీవాళ్లు పంచిన డైరీ. మా ఆయన వీరేష్‌కు ఎవరో ఇస్తే బీరువా మీద పడి ఉంది. తేదీలు సరిపోతాయి గాని వారాలు సరిపోవు. వారం నేనే కొట్టేసి దిద్దుకుంటున్నాను.

రాయమన్నది ఆదోనిలో అపర్ణ మేడం. నడుము నొప్పులకు వ్యాయామం నేర్పే ఫిజియోథెరపీ ఆవిడ. ఏ పని చేస్తే నొప్పి పెరిగింది, ఏం చేస్తే తగ్గింది, రోజూ రెండు ముక్కలు రాసి తెమ్మంది. పదికి ఎంత నొప్పో కూడా వేయమంది. నొప్పికి మార్కులు వేయడం నాకు చేతకాదు. ఆమెకు చూపించడానికి వేరే కాగితం పెడతాను. ఇది నా కోసం.

సంగతి పెద్దదేం కాదు. దసరా అయిన వారానికి, మగ్గం కింద కాళ్లు దించి కూర్చునే గుంతలోంచి లేవబోతే నడుము పట్టేసింది. ఇటు వీరేష్, అటు మరిది హరీష్ చంకల కింద చేతులేసి పైకి లాగారు. కర్నూలులో డాక్టరు స్కాన్ చూసి, ఆపరేషన్ అక్కర్లేదు, నడుము చుట్టూ ఉన్న కండరాలు వదులైపోయాయి, వ్యాయామం చేయించుకోమన్నాడు. అప్పటినుంచి నా మగ్గం ఊరికే ఉంది. దాని మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. వీరేష్ మగ్గం లోపలి గదిలో ఆడుతూనే ఉంది గాని, నా చీరను అతను ముట్టుకోడు. దారాన్ని దగ్గరికి కొట్టే పన్నె దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కో బరువు. చెయ్యి మారితే బట్టలో గీత పడి తెలిసిపోతుంది.

హరీష్‌కు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే బంకు ఉంది. నా మగ్గం ఉన్న ముందు గది రోడ్డు మీదికి ఉంది కాబట్టి అతనికి దాని మీద కన్ను. జనవరి మొదట్లో వచ్చే మా ఎమ్మిగనూరు జాతర లోపల నేను మళ్లీ గుంతలో కూర్చోగలిగితే సరే, లేకపోతే గుంత పూడ్చి సిమెంటు వేసి షాపు తెరుస్తాడు. భోజనాల దగ్గర ఈ మాట అనుకున్నారు. నేను కూడా తల ఊపాను. నాకేం పెద్ద ఇది లేదు. నొప్పి తగ్గితే చాలు.

నవంబర్ 12, బుధవారం

వ్యాయామం అంటే గెంతడం, వంగడం అనుకున్నాను. అదేం లేదు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, బొడ్డు కింద పొట్టను మెల్లగా వెన్నువైపు లాక్కోవాలి. అట్లా పట్టుకుని ఉండాలి. పైకి చూసేవాళ్లకు మనిషి ఊరికే పడుకున్నట్టు ఉంటుంది. హరీష్ గదిలోకి వచ్చి, వదిన నిద్రపోతోందని చప్పుడు చేయకుండా వెళ్లిపోయాడు.

కష్టమల్లా ఒకటే. పొట్ట పట్టుకోవాలి గాని ఊపిరి బిగబట్టకూడదట. నాకు రెండూ కలిసే వస్తాయి. పన్నె లాగి కొట్టేటప్పుడు ఊపిరి బిగబట్టడం పుట్టినింటినుంచి ఉన్న అలవాటు.

పొద్దున స్నానం కాగానే ఎప్పటిలాగే అత్త నడికట్టు కట్టింది. మామ పాత పంచె చింపిన బట్ట. అత్త తన మోకాలు నా తుంటికి ఆనించి, బట్ట నాలుగు చుట్లు తిప్పి, బలమంతా పెట్టి లాగి, పక్కన ముడి దోపుతుంది. మా అమ్మాయి స్వాతి పుట్టినప్పుడు మొదలైంది ఇది. మా అమ్మ అప్పటికే లేదు. పురిటి మంచం దగ్గర అన్నీ అంజనమ్మత్తే చూసుకుంది. బాలింత నడుము జారిపోకూడదని కట్టింది, ఆ తర్వాత మగ్గం మీద కూర్చునే ఆడదానికి కట్టు ఉండాల్సిందేనని మాన్పించలేదు. స్వాతి ఇప్పుడు కర్నూలులో డిగ్రీ చదువుతోంది. అత్త కట్టుకుంటుంది, నాకు కడుతుంది. కట్టేటప్పుడు ఒక్క మాటా మాట్లాడదు. ఈ ఇంట్లో పగటిపూట నన్ను ఎవరైనా ముట్టుకునేది ఆ ఒక్కసారే.

నవంబర్ 15, శనివారం

వాకిట్లో వంగి ముగ్గు వేశాను, నొప్పి. నిలబడి అంట్లు తోమాను, నొప్పి. కాగితం మీద 'కొంచెం' అని రాశాను.

నవంబర్ 18, మంగళవారం

ఆదోని. పత్తి లారీల వెనక బస్సు పాకుతూ పోయింది. దిగేసరికి జుట్టంతా పత్తి నూగు. ఈ కాలంలో ఆదోనికి పోయి వచ్చిన ఆడవాళ్లందరికీ ఒక్కరోజులో తల నెరుస్తుంది.

మందుల షాపు పైన మేడం గది. మంగళవారం నాతోపాటు ఈరమ్మ అని ఒకావిడ వస్తుంది. జిన్నింగు మిల్లులో పత్తి ఎత్తిపోసే పని. చాప మీద పడుకుని పొట్ట లాగమంటే గురక పెడుతుంది. లేపితే, మిల్లులో గానీ ఇంట్లో గానీ నన్ను పడుకోమన్నోళ్లు లేరు, ఈడ ఒక్కతే పడుకోమంటాది అని అపర్ణ మేడంను చూపించింది. మేడం కూడా నవ్వింది. నాకంటే చాలా చిన్నది. ఇంట్లో కన్నడం మాట్లాడే రాఘవేంద్ర స్వామి భక్తుల ఇల్లు వాళ్లది. ఫోనులో తల్లితో కన్నడంలో దబాయించి, ఫోను పెట్టేసి మాతో మెత్తగా తెలుగులో మాట్లాడుతుంది.

ఈరోజు పరీక్ష పెట్టింది. నడుము కింద చిన్న రబ్బరు సంచి పెట్టి గాలి కొట్టింది. బీపీ చూసే మిషన్‌కు ఉన్నట్టు దానికి ముల్లు ఉంటుంది. పొట్ట పట్టుకుని ఒక్కో కాలూ మెల్లగా ఎత్తాలి. ముల్లు కదలకపోతే లోపలి కండరం పనిచేస్తున్నట్టు. నా ముల్లు కదల్లేదు. మేడం మళ్లీ చేయించింది. మళ్లీ కదల్లేదు. ఇంత తొందరగా ఎవరికీ రాలేదట. మగ్గం మనిషిని కదా అన్నాను. అనకుండా ఉండాల్సింది, గొప్ప చెప్పుకున్నట్టయింది.

నవంబర్ 20, గురువారం

మగ్గం తుడిచాను. దుమ్ముంటే ఎలుకలు చేరి పడుగు కొరుకుతాయి, అందుకని.

నవంబర్ 25, మంగళవారం

కొత్త వ్యాయామం. అరచేతులు, మోకాళ్లు నేలకు ఆనించి, కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాపాలి. వీపు మీద గ్లాసు నీళ్లు పెట్టినా ఒలకకూడదన్నట్టు ఉండాలి. ఈరమ్మ పక్కకు ఒరిగి గోడను పట్టుకుంది. నేను ఒరగలేదు.

ఇంటికి వచ్చేసరికి హరీష్ ముందు గదిలో టేపు పట్టుకుని కొలుస్తున్నాడు. నన్ను చూసి టేపు చుట్టేసి, ఏమీ అనుకోవద్దు వదినా, కొలత తెలిసుంటే మంచిదని, అన్నాడు. మంచివాడే. పెళ్లి కుదరాల్సిన వయసు, బంకు చూసి ఎవరూ పిల్లనివ్వడం లేదు. కౌంటరు ఎక్కడ పెడతావని అడిగాను. గుంత ఉన్న చోటే చూపించాడు. బాగుంటుందన్నాను. నిజంగానే వెలుతురు అక్కడే బాగా పడుతుంది.

నవంబర్ 30, ఆదివారం

మగ్గం తుడిచాను. ఎలుకల గురించే.

డిసెంబర్ 3, బుధవారం

మేడం ఇంకా గుంతలో కూర్చోవద్దంది. ముల్లు కదలని మనిషికి అన్ని జాగ్రత్తలు ఎందుకని ఈరోజు కూర్చున్నాను. అత్తతో బట్ట ఇంకాస్త బిగించమని చెప్పి కూర్చున్నాను. వీరేష్ తన మగ్గం ఆపి వచ్చి గడపలో నిలబడ్డాడు. అడ్డదారం మోసే నాడె అటూ ఇటూ పోయింది, చెయ్యి మరిచిపోలేదు. జానెడు నేశాను. కాళ్ల కింద చెక్కలు మార్చి తొక్కుతుండగా నడుములోంచి పిక్కదాకా గుంజుకుంది. మళ్లీ ఇద్దరూ లాగారు. పైకి తీసేటప్పుడు హరీష్ నా మొహం చూడకుండా పక్కకు చూశాడు.

తప్పు తనదేనంది అత్త. కట్టు వదులైందట. రేపటినుంచి ఇంకా బిగించి కడతానంది.

డిసెంబర్ 4, గురువారం

పడక.

డిసెంబర్ 5, శుక్రవారం

పడక. వీరేష్ కాపడం పెట్టాడు. మగ్గం పోతే పోయిందిలే, నీ నడుము కంటే ఎక్కువా అన్నాడు. ఎంత మంచి మాట. విని గోడ వైపు తిరిగాను.

డిసెంబర్ 9, మంగళవారం

ఇది సరిగా రాయాలి.

గుంతలో కూర్చున్నానని మేడంకు చెప్పాను. తిట్టలేదు. ముల్లు నిలబడిన మనిషికి ఇట్లా ఎందుకైందని ఆమెకు అనుమానం వచ్చింది. మళ్లీ చాప మీద పడుకోబెట్టి, తుంటి ఎముక పక్కన వేళ్లతో నొక్కి కండరం చూడబోయింది. వేళ్లకు ముడి తగిలింది. ఇదేమక్కా అంది. నడికట్టు అన్నాను. కాలి మెట్టెల గురించి ఎవరికైనా చెప్తామా, ఇదీ అంతే, చెప్పాలని తోచలేదు.

విప్పమంది. రబ్బరు సంచి మళ్లీ పెట్టింది. పొట్ట పట్టుకుని కాలు ఎత్తాను. ముల్లు పడిపోయింది. రెండో కాలు, అంతే. మూడోసారి నేనే మళ్లీ చేస్తానని అడిగి చేశాను. కాలు నేలనుంచి లేవకముందే పడిపోయింది.

"ఇన్ని దినాలు పరీక్ష రాసింది నువ్వు కాదక్కా, ఈ బట్ట," అంది అపర్ణ మేడం. "చీర మీంచే చూసి ఊరుకున్నాను. అది నా తప్పు. పట్టుకునే పని బట్ట చేస్తాంటే కండరం ఎందుకు చేస్తాది? అది పడుకుని ఎన్నేండ్లయిందో."

స్వాతి ఈడు అని చెప్పాను. మేడం మళ్లీ మొదటిరోజు చేసిందే చేయించింది. వ్యాయామం చేసేటప్పుడు కట్టు ఉండనే కూడదు, మిగతా వేళల్లో కొద్దికొద్దిగా మానుకుంటూ రావాలి. జాతర లోపల అవుతుందా అంటే, నేను మాటివ్వలేను అంది.

బట్ట మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. గతుకు వచ్చినప్పుడల్లా పొట్ట ఎవరిదో అన్నట్టు ఊగింది. నాకు సిగ్గేసింది. ఎందుకో తెలియదు, ఎవరూ నన్ను చూడటం లేదు.

డిసెంబర్ 10, బుధవారం

పొద్దున అత్త కట్టింది. కట్టించుకున్నాను. తర్వాత తలుపు వేసుకుని విప్పి, వ్యాయామం చేసి, నా చేతులతో నేను మళ్లీ కట్టుకున్నాను. చెప్పడానికి ఏముంది, రేపు చెప్తాను.

డిసెంబర్ 11, గురువారం

రేపు.

డిసెంబర్ 12, శుక్రవారం

తలుపు గడియ సరిగా పడలేదు. దారం చుట్టే కండెల బుట్ట కోసం వచ్చిన అత్త, నేల మీద పడుకున్న నన్నూ, కొక్కేనికి వేలాడుతున్న బట్టనూ చూసింది. మేడం చెప్పిందంతా చెప్పాను. వీలైనంత మెత్తగా చెప్పాననే అనుకున్నాను.

"అట్లయితే ఇన్నేండ్లూ నేను నీకు చెరుపు జేసినానా?" అంది.

కాదనడానికి నోరు తెరిచాను. ముల్లు పడిపోవడం గుర్తొచ్చి ఆలస్యమైంది. ఆ ఆలస్యం ఆమె చూసింది. బుట్ట తీసుకుని పోయింది.

డిసెంబర్ 13, శనివారం

పొద్దున స్నానం చేసి వచ్చాను. ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాను. అత్త రాట్నం దగ్గరే కూర్చుని కండెలు చుట్టుకుంటూ ఉంది. కాసేపు నిలబడి వంటింట్లోకి పోయాను.

డిసెంబర్ 14, ఆదివారం

నిలబడలేదు.

డిసెంబర్ 16, మంగళవారం

బస్టాండులో బస్సెక్కి కూర్చున్నాక చూస్తే, పక్క సీట్లో అత్త. చేతి సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. ఎందుకొస్తున్నావని అడగలేదు. 

గదిలో బెంచీ మీద కూర్చుని అంతా చూసింది. వచ్చింది ఎవరో మేడం తెలుసుకుని, అత్త దగ్గరికి పోయి స్టూలు మీద కూర్చుని చెప్పింది. పచ్చి బాలింతకు ఆ కట్టు ఆసరానే, పెద్దమ్మా, మీరు చేసింది మంచే, ఆమెకు తల్లి లేని లోటు తీర్చినారు. కొన్నాళ్లకు విప్పాల్సింది, అది మీకూ ఎవరూ చెప్పలేదు.  మేడం నా తుంటి పక్కన రెండు వేళ్లు పెట్టి, పట్టు, ఊపిరి వదులు, పట్టే ఉండు అని చెప్తుంటే అత్త మెడ చాచి చూసింది. నేను ఊపిరి బిగబట్టాను. మేడం పొట్ట మీద మెల్లగా తట్టింది, వదిలాను. ఈరమ్మ పక్క చాప మీద గురక పెడుతోంది. ఆ యమ్మకు ఏమైందని అత్త అడిగితే, నయమైపోయిందని చెప్పాను.

తిరుగు బస్సులో ఎమ్మిగనూరు దగ్గరికొచ్చాక అత్త ఒక్క మాట అంది. ఆ పిల్ల చేతులు సల్లగుంటాయేమో, నువ్వు ఉలిక్కిపడినావు అంది. అంతే. నేను ఉలిక్కిపడిన సంగతి నాకు తెలియదు.

డిసెంబర్ 19, శుక్రవారం

కట్టు లేకుండా బజారుకు పోయి వచ్చాను. పిన్నీసు పెట్టుకోవడం మరిచి చీర కట్టుకున్నట్టు అడుగడుగునా భయం. ఏమీ జారలేదు. కూరగాయల సంచి ఎత్తేముందు పొట్ట లాక్కున్నాను, లోపల సన్నగా ఏదో బిగిసింది. బట్ట బిగిసినట్టు కాదు. చాలా కొంచెం. అది నాదే.

డిసెంబర్ 23, మంగళవారం

ముల్లు వణికింది గాని పడలేదు. మేడం చూసి, నిజంగా మొదటిసారి ఇదే అక్కా అంది. గుంతలోకి దిగాలంటే ఎట్లా దిగాలో చెప్పింది. గట్టు మీద కూర్చుని, పొట్ట పట్టుకుని, రెండు కాళ్లూ కలిపి తిప్పాలి. నడుము మెలిపెట్టకూడదు. కూర్చున్నా కాసేపే, మధ్యలో లేవాలి. ఈసారి తొందరపడితే నా దగ్గరికి రావద్దు అంది. నవ్వుతూనే అంది.

డిసెంబర్ 27, శనివారం

మగ్గం తుడిచాను. ఎలుకలు లేవు, ఎప్పుడూ లేవు.

డిసెంబర్ 29, సోమవారం

వరండాలో సిమెంటు బస్తాలు దిగాయి. హరీష్ చాలాసేపు చేతులు కడుక్కుని భోజనాల దగ్గరికి వచ్చి, జాతర రేపనగా మేస్త్రీ ఓబన్న వస్తాడని చెప్పాడు. అందరూ నా వైపు చూశారు. అత్త కంచంలోకి చూసుకుంటోంది. నాకేం లేదు, కానీ అన్నాను. వీరేష్ ఏదో అనబోయి నా మాట విని ఊరుకున్నాడు.

నాకేం లేదని ఈ పుస్తకంలో ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూసుకోను. మగ్గం నాకు కావాలి. ఆ గుంత నాకు కావాలి. ఆ చీర నేనే దింపాలి. నొప్పి తగ్గితే చాలన్నది అబద్ధం. మగ్గం లేకపోతే నొప్పి తగ్గి నేనేం చేసుకోను? భోజనాల దగ్గర ఇది నోరు విప్పి చెప్పలేకపోయినందుకు నా మీద నాకు కోపంగా ఉంది. ఆదుకునే మాట కోసం అత్త వైపు చూశాను, ఆమె తలెత్తలేదు. ఆమె మీద కూడా కోపంగా ఉంది.

డిసెంబర్ 31, బుధవారం

వ్యాయామం చేశాను. రేపూ చేస్తాను.

జనవరి 2, శుక్రవారం

డైరీ అయిపోయింది. ముందు జనవరి పేజీలు ఖాళీగా ఉంటే వెనక్కి తిప్పి వీటిలో రాస్తున్నాను.

పొద్దున లేచి, స్నానం చేసి, ఎవరికీ చెప్పకుండా ముందు గదిలోకి పోయాను. తలుపులు బార్లా తీశాను. బయట జాతరకు వచ్చిన బొమ్మల బండ్లవాళ్లు గంటలు కడుతున్నారు. గట్టు మీద కూర్చున్నాను. పొట్ట పట్టుకున్నాను, రెండు కాళ్లూ కలిపి తిప్పి గుంతలోకి దింపాను. నొప్పి ఉంది. పాత నొప్పే. గుంజలేదు. నాడె చేతిలోకి తీసుకున్నాను గాని విసరలేకపోయాను. డిసెంబర్‌లో ఇట్లాగే మొదలైందని భయం. పొట్ట బిగిసింది, ఊపిరీ బిగిసింది, రెండిట్లో ఏది ఏదో తెలియలేదు.

అత్త ఎప్పుడు వచ్చిందో చూడలేదు. చేతిలో మామ పంచె బట్ట ఉంది. నేను వద్దనాలని తల తిప్పాను. ఆమె బట్టను తన భుజం మీద వేసుకుని, నా వెనక గట్టు మీద కష్టంగా కూర్చుని, చెయ్యి చుట్టూ తెచ్చి నా పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. బొడ్డు కింద, తుంటి పక్కన. మేడం వేళ్లు పెట్టిన చోటే.

"పట్టుకున్నావు, తెలుస్తాండాది," అంది. "ఊపిరి బిగబట్టొద్దన్నాది గదా ఆ యమ్మ. ఇడువు."

వదిలాను. పొట్ట వదల్లేదు. నాడె విసిరాను, పన్నె లాగి కొట్టాను. మళ్లీ విసిరాను. కొట్టేటప్పుడల్లా ఆమె చేతి కింద ఆ కండరం బిగుస్తుంటే నాకే తెలుస్తోంది.

కాసేపటికి హరీష్, ఓబన్న మేస్త్రీ పారలతో వచ్చి గడపలో ఆగారు. వెనకే వీరేష్. అత్త వాళ్ల వైపు తిరగలేదు.

"ఈడ మగ్గం ఆడతాండాది నాయనా," అంది. "ఆ సిమెంటు నీళ్లు పోసుకునే బచ్చలింటికి ఏసుకోపోండి. షాపు సంగతి కూచోని మాట్లాడుకుందాము."

హరీష్ మొహం చిన్నబోయింది. అది చూసి నాకూ బాధేసింది. అయినా నోరు తెరిచి, ఈ మగ్గం నాకు కావాలి హరీషా అని చెప్పాను. సరేలే వదినా అన్నాడు. అతనికి ఏదైనా దారి చూడాలి. వీరేష్ లోపలికి పోయి తన మగ్గం మీద కూర్చున్నాడు. రెండు మగ్గాల చప్పుడు కలిసి వినిపించి ఎన్నాళ్లయిందో, కళ్ల నీళ్లు తిరిగాయి. చీర మీద పడకుండా మోచేత్తో తుడుచుకున్నాను.

అత్త చెయ్యి తీయలేదు. బట్ట కట్టే రోజుల్లో ముడి దోపి వెంటనే వెళ్లిపోయేది. ఈరోజు నేను గుంతలోంచి లేచేదాకా అక్కడే కూర్చుంది.